నాలుగు వందల ఎనభై ఏడు రోజులు

‘ఆ పాస్‌వర్డ్ ఆ పిల్లకు తప్ప ఇంకెవరికీ తెలియదు.’ ఈ ఒక్క వాక్యం మీద మనిషిని జైలుకు పంపుతున్నారంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇరవై రెండేళ్ళు పోలీసు డిపార్ట్‌మెంట్‌లో ఉండి కంప్యూటర్ నేరాలే చూశాను. ఆరేళ్ళ క్రితం విసుగొచ్చి బయటపడ్డాను. ఇప్పుడు చేవెళ్లలో ఒక జిరాక్స్ షాపు పైన గది కిరాయికి తీసుకుని, ‘ప్రవీణ, ప్రైవేటు డిటెక్టివ్’ అని బోర్డు పెట్టుకుని, ఎక్కువగా పెళ్ళి సంబంధాల వాకబులు చేసుకుంటూ బతుకుతున్నాను. యాభై ఒకటో ఏడు. మోకాళ్ళు అరిగిపోయాయి. హత్య కేసులంటే దండం పెట్టి తప్పుకునే వయసు.

కానీ ఆ బుధవారం పొద్దున ఎనిమిదింటికి సురంగల్ నుంచి ఈశ్వరయ్య అనే ఆయన వచ్చి నా మెట్ల మీద కూర్చున్నాడు.

“సాయంత్రం నాలుగింటికి నా బిడ్డను చేవెళ్ల కోర్టుల పెడ్తరట మేడం. ఆడికెళ్ళి జైలుకే. దాని పోరనికి ఇంక ఐదు నెలలు నిండలే. పాలు తాగే పోరడు.”

ఏడవలేదు. ఏడ్చి ఉంటే బహుశా పంపించేసేదాన్ని. తిట్టుకుంటూ చెప్పులేసుకున్నాను.

కేసు ఇది. మొయినాబాద్ నుంచి చేవెళ్ల వచ్చే దారిలో కిషన్‌రావు అనే వ్యాపారికి అరటికాయలు మాగబెట్టే యూనిట్ ఉంది. ఆరు చాంబర్లు. కాయలు పండేటప్పుడు లోపల బొగ్గుపులుసు వాయువు నిండిపోతుంది. వెంట్లు తెరిచి, ఆ గాలి బయటికి పంపాకే మనిషి లోపలికి వెళ్ళాలి. ప్రతి తలుపు పక్కన ఒక లైటు ఉంటుంది. ఎర్రగా ఉంటే ఆగాలి, పచ్చగా ఉంటే వెళ్ళొచ్చు. వెంట్లు, లైట్లు, తలుపుల తాళాలు, కెమెరాలు అన్నిటినీ ఒకే కంప్యూటర్ నడుపుతుంది.

సోమవారం పొద్దున మూడో చాంబర్‌కు పచ్చలైటు చూసి మల్లేశ్ అనే పనివాడు లోపలికి వెళ్ళాడు. వెనక తలుపు మూసుకుపోయి తాళం పడింది. లోపల ముప్పై ఆరు గంటలుగా వెంట్లు తెరుచుకోలేదు. మనిషి శవమై బయటికొచ్చాడు. ఐదు ముప్పై ఎనిమిదికి ఎవరో కంప్యూటర్‌లో లోపల గాలి బాగున్నట్టు దొంగ లెక్క పెట్టి ఎర్రలైటును పచ్చగా మార్చారని లాగులో, అంటే మిషను తన పనులన్నీ రాసుకునే చిట్టాలో, ఉంది. ఆ పని ‘రూట్’ హోదాలో జరిగింది. అంటే ఆ మిషను మీద సర్వాధికారం ఉన్న మనిషి. రూట్ పాస్‌వర్డ్ ఉన్నది ఒక్కరికే. ఇంట్లో కూర్చుని ఆ మిషను బాగోగులు చూసుకునే ఈశ్వరయ్య కూతురు శిరీష. మంగళవారం సాయంత్రం పట్టుకొచ్చారు.

స్టేషన్‌లో ఎస్సై కృష్ణయ్య నాకు పాత పరిచయం. పదిహేను నిమిషాలు ఇచ్చాడు. అప్పుడు టైము పదకొండున్నర.

శిరీష బల్ల మీద నిటారుగా కూర్చుని ఉంది. కళ్ళు వాచాయి. పక్కనే ఆమె తల్లి సంగమ్మ, ఒళ్ళో నిద్రపోతున్న బాబు.

“సోమారం ఐదు ముప్పై ఎనిమిదికి ఏం చేస్తున్నవ్?”

“బాబు లేచిండు మేడం. పాలిస్తున్న.”

“ల్యాప్‌టాప్ ఆన్‌ల ఉన్నదట గద?”

“ఉన్నది. రోజూ గా టైముకే అన్ని మిషిన్లు ఒకసారి చూసుకుంట. పోరడు ఒళ్ళె ఉంటడు, ఒక్క చేత్తోని చూస్త.” తలెత్తింది. “గదే నా పాణం మీదికి తెచ్చింది.”

“పాస్‌వర్డ్ ఎవరికన్న చెప్పినవా? యాడన్న రాసిపెట్టినవా?”

“లేదు. రాసిపెట్టినా మంచిగుండు. ఎవడో దొంగిలించిండని చెప్పుకునేదాన్ని.”

ఈ పిల్ల నాకు నచ్చింది. అబద్ధం చెప్పేవాళ్ళు ఇంత చక్కగా తమకు తాము ఉరి బిగించుకోరు.

“కిషన్‌రావు సేటుతోని లొల్లి పెట్టుకున్నవని రాసిన్రు.”

“పెట్టుకున్న. పురుడైనంక సగం పనే ఇస్త అన్నడు. లొల్లి పెట్టుకోనా మరి? కానీ మల్లేశన్న...” బాబు కాలి మీద చెయ్యి వేసింది. “నేను పురిట్ల ఉంటె నాకు పండ్లు తెచ్చిచ్చిన మనిషి మేడం. ఆయన్నెందుకు సంపుత?”

సంగమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. నేను గడియారం చూసుకున్నాను. తొమ్మిది నిమిషాలున్నాయి.

“మామూలు లాగిన్ ఉన్నోడు పాస్‌వర్డ్ లేకుంట రూట్ అయ్యే తొవ్వ ఏదన్న ఉన్నదా?”

“ఉండె. కెర్నెల్ల ఒక లోపం. సెప్టెంబర్ల బయటపడ్డది.”

కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ. ఏ ప్రోగ్రామ్ ఏది ముట్టుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు అని తేల్చేది అదే. దాంట్లో చిల్లు పడితే గేటు దగ్గర హాజరు వేసుకునేవాడు కూడా యజమాని కుర్చీలో కూర్చోగలడు. పాస్‌వర్డ్‌తో పనే లేదు. అలాంటి చిల్లు బయటపడ్డప్పుడు సిస్టమ్ తయారుచేసేవాళ్ళు దాన్ని పూడ్చే ఒక ప్యాచ్ విడుదల చేస్తారు. మిషను చూసుకునేవాళ్ళు అది వేసుకోవాలి.

“ప్యాచ్ వేసినవా?”

“వేసిన. సెప్టెంబర్ ముప్పై నాడు. పురుడై వారం. మంచంల పడుకొనే వేసిన.”

“రీస్టార్ట్ చేసినవా?”

కొత్త కెర్నెల్ డిస్కు మీదికి చేరితే సరిపోదు. మిషను ఆపి మళ్ళీ మొదలుపెట్టేదాకా పాతదే నడుస్తూ ఉంటుంది. ఈ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

“నేను చెయ్యలే. చేస్తె లోడ్ పాడయితదని సేటు ఏడాదంత ముట్టనియ్యడు. ఒక్క దసరా నాడే. ఆ దినం మిషిన్లన్నీ బంద్ చేసి, తుడిచి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి మళ్ళ సాలు చేస్తరు. కెర్నెల్ ప్యాచులన్ని నేను దసరా ముంగటనే వేసి పెడ్త. పూజతోని అదే రీస్టార్ట్ అయితది. నాలుగేండ్ల సంది గట్లనే.”

“ఈసారి పూజ చేసిన్రా?”

“చేసే ఉంటరు మేడం. నేను పురిట్ల ఉన్న, నాకు ఎవరేం చెప్పలే. ఏ ఏడూ ఆపలే. లాగుల గూడ దసరా నాడు పదకొండు ఇరవైకి రీస్టార్ట్ అయినట్టే ఉన్నది. నేను తర్వాత చూసిన.”

చేసే ఉంటారు! ఈ మాట నా ఉద్యోగంలో ఎన్ని కొంపలు ముంచిందో లెక్కలేదు.

కిషన్‌రావు యూనిట్ గేటు దగ్గర కానిస్టేబుల్ నా ఫోన్, పెన్‌డ్రైవ్ రెండూ తీసుకున్నాడు. “ఉదయ్‌భాస్కర్ సార్ ఆర్డర్ మేడం. ప్రైవేటోళ్ళయి ఏమీ లోపటికి పోవద్దు.” ఉదయ్‌భాస్కర్ పేరు వినగానే నాకు తలనొప్పి మొదలైంది. ఒకప్పుడు నా కింద మూడేళ్ళు పని నేర్చుకున్నాడు. అప్పుడు నేను వాడికి అక్కను. ఇప్పుడు సొంత కంపెనీ పెట్టుకుని పోలీసులకు సలహాదారు అయ్యాడు. శిరీషను పట్టుకోమని రాసిచ్చింది వాడే.

షిఫ్టు చూసుకునే పాండు షెడ్డు ముందు బీడీ కాలుస్తూ నిలబడి ఉన్నాడు. నలభై దాటినవాడు. రెండు రాత్రులుగా నిద్ర లేనట్టుంది.

“మల్లేశ్ ఎప్పుడు లోపటికి పోయిండు పాండన్నా?”

“ఆరు పదికి. నేను చాయ తెచ్చేటాళ్ళకు ఆరు ఇరవై ఐదు. లైటు పచ్చగనే ఉన్నది. పిలిస్తె పలుకలే. తలుపు రాలే.”

“లోపటి నుంచి తీసుకునే పిడి ఉంటది గద?”

“ఊడిపోయి ఏడాదైంది. అన్ని చాంబర్లయి గంతే. గడ్డపార పెట్టి ఇరవై నిమిషాలు కొట్లాడితె వచ్చింది.” బీడీ పారేశాడు. “అప్పటికే అయిపోయిండు.”

“రోజూ మల్లేశే తెరుస్తడా?”

“యాడిది మేడం. సోమారం కొత్త లోడ్ తలుపు సేటే తియ్యాలె. అది ఆయన పట్టింపు. మొన్న ప్రొద్దుటూరుల పెండ్లికి పోయి ఆడనే ఉండిపోయిండు. మల్లేశ్‌కు ఫోన్ చేసి నువ్వు తియ్యి అన్నడు.”

చావాల్సింది మల్లేశ్ కాదన్నమాట. ఈ సంగతి కేసు కాగితాల్లో ఎక్కడా లేదు. ఎవరూ అడగలేదు కాబట్టి పాండు చెప్పలేదు. దేశంలో సగం కేసులు ఇలాగే పాడవుతాయి.

ఆఫీసు గదిలో కిషన్‌రావు భార్య అరుణాదేవి ఉంది. మర్యాదస్తురాలు. అడగకుండానే చాయ పోసి ఇచ్చింది. ఒంటిగంటా పది అయింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదేమో, చాయ తాగితే ప్రాణం లేచొచ్చింది.

“పోయిన దసరాకు పూజల ఎవరు కూసున్నరమ్మా? మీరా, సేటా?”

“పోయిన దసరాకా? యాడి పూజ మేడం. మా బావగారు పోయి అప్పటికి నాలుగు దినాలే. మైల. ఇంట్ల దీపం గూడ పెట్టలే.”

కప్పు కింద పెట్టాను. “మిషిన్లు బంద్ చెయ్యలేదా?”

“ఒక్కటి గూడ ముట్టలే.”

“బావగారంటే సేటుకు సొంత అన్ననా? ఎట్ల పోయిండు?”

“సొంత అన్న, జ్ఞానేశ్వర్. గుండెపోటు.” ఆమె చూపు నా మీద నుంచి తలుపు మీదికి పోయింది. “ఈడనే, చాంబర్ల కాడ పడిపోయిండు. దవాఖానకు తీస్కపోయేసరికే పాణం లేదు. ఎక్కువ అడగకుండ్రి మేడం, ఆయనకు మంచిగనిపియ్యదు.”

“పిల్లలు?”

“ఒక్కడే, సాయిచంద్. ముప్పై రెండేండ్లుంటయి. సాఫ్ట్‌వేర్ పని. దొంతన్‌పల్లిల కిరాయికుంటడు. ఈ కంప్యూటర్లన్ని మొదట పెట్టిచ్చింది వాడే. బాపు పోయినంక మా గడప తొక్కలే. మా ఆయనను పలుకరించను గూడ పలుకరియ్యడు.”

ఇంకా అడగబోతుండగా కిషన్‌రావు గదిలోకొచ్చాడు. యాభై ఐదేళ్ళ భారీ మనిషి. నన్ను చూసి ముఖం చిట్లించాడు. “ఇంక ఏం ఉన్నది అడగనీకి? ఆ పిల్ల దొరికింది గద. నాలుగో చాంబర్ల లోడ్ కుళ్ళిపోతున్నది. భాస్కర్ సార్ తీసుకొమ్మన్నడు. నాకు పనున్నది.” భార్యను కూడా కసిరి బయటికెళ్ళిపోయాడు.

కంట్రోల్ రూమ్ నాలుగో చాంబర్‌కు పదడుగుల దూరం. నేను వెళ్ళేసరికి ఉదయ్‌భాస్కర్ వంగి, మిషను కింద ఉన్న యూపీఎస్ బటన్ మీద వేలు పెట్టి ఉన్నాడు.

“ఆపకు!” అని అరిచాను.

ఉలిక్కిపడి లేచాడు. నన్ను గుర్తుపట్టి నవ్వాడు. ఆ నవ్వు కొత్తగా నేర్చుకున్నాడు, నా దగ్గర ఉన్నప్పుడు లేదు. “మీరా మేడం. పెళ్ళి సంబంధాలు బంద్ పెట్టిన్రా?”

“దాన్ని ఎందుకు ఆపుతున్నవ్?”

“ల్యాబ్‌కు తీసుకుపోవాలె. డిస్కు కాపీ చేస్తం. పద్ధతి అదే గద.”

“డిస్కు మీద రూట్ అయినోడు ఏదంటే అది రాయగలడు. మెమరీల ఇప్పుడు నడుస్తున్నదే నిజం. ఆపితే అదంత పాయె. నీకు మొదటి నెలలనే నేర్పిచ్చిన ఇది.”

“మీరు నేర్పిన కాలం పోయింది.” టేబుల్ మీది కాగితం నా వైపు తోశాడు. “ఇదిగో ప్యాచుల లిస్టు. సెప్టెంబర్ ముప్పై నాడు కెర్నెల్ ప్యాచ్ పడ్డది. ఇది లాగు. దసరా నాడు పదకొండు ఇరవైకి రీస్టార్ట్ అయింది. చిల్లు లేదు. చిల్లు లేకుంటే పాస్‌వర్డ్ ఉన్నోళ్ళే చెయ్యాలె. జనవరి ఐదు నాడు నేనే తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇచ్చిన ఈ మిషన్‌కు.”

ఓహో! అదీ సంగతి. వాడు శిరీష మీద పగబట్టలేదు. తన సంతకాన్ని కాపాడుకుంటున్నాడు.

“భాస్కర్, దసరా నాడు ఈ యూనిట్‌ల పూజ జరగలే. అంతకు నాలుగు దినాల ముందు సేటు వాళ్ళ అన్న పోయిండు. మైల ఉన్నది. ఎవ్వరు ఏ మిషిన్ ముట్టలే.”

“ఎవరు చెప్పిన్రు?”

“ఇంటామె. మరి పదకొండు ఇరవైకి రీస్టార్ట్ చేసిందెవరు?”

వాడు లాగు కాగితాన్ని మళ్ళీ తన వైపు లాక్కున్నాడు.

“నేను కీబోర్డ్ ముట్ట. నువ్వే కొట్టు. నువ్వు ఆన్ అయి ఎన్ని దినాలైందని ఆ మిషిన్‌నే అడుగు. డిస్కును కాదు, నడుస్తున్న కెర్నెల్‌ను అడుగు. రెండు సెకన్ల పని. జనవరిల నువ్వు చెయ్యని పని.”

వాడి చెవులు ఎర్రబడ్డాయి. కుర్చీ లాక్కుని విసురుగా కొట్టాడు. తెర మీద ఒకటే లైను వచ్చింది.

నాలుగు వందల ఎనభై ఏడు రోజులు.

అంటే మొన్నటి దసరా కాదు, అంతకు ముందటి దసరా పూజలో ఆన్ చేసిన మిషను అది. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆగలేదు.

“గడియారం తప్పు చూపిస్తుండొచ్చు” అన్నాడు మెల్లగా.

“గడియారం తప్పైతే ఐదు ముప్పై ఎనిమిది గూడ తప్పే. పిల్లను ఇడిచిపెట్టు మరి.”

నడుస్తున్న కెర్నెల్ ఏదో అడగమన్నాను. పాతదే. చిల్లు ఉన్నదే. శిరీష వేసిన ప్యాచ్ నాలుగున్నర నెలలుగా డిస్కులో ఊరికే పడి ఉంది. సర్టిఫికెట్ ఇచ్చినవాడు లిస్టు చూసి టిక్కు పెట్టాడు. ఎవరో ఆ చిల్లులోంచి దూరి రూట్ అయి, పాత రికార్డులు తుడిచి, దసరా నాడు రీస్టార్ట్ అయినట్టు లాగులో ఒక దొంగ లైను రాశారు. ఈ యూనిట్‌లో దసరా నాడు మిషన్లు ఆపుతారని తెలిసినవాడు మాత్రమే రాయగల లైను అది.

“ఫోటో తియ్యి” అన్నాను.

ఫోన్ వాడి చేతిలోనే ఉంది. తీయలేదు.

“ల్యాబ్‌ల చూస్తం.”

“ల్యాబ్‌కు పోయేసరికి ఏముంటది నా మొఖం! నా ఫోన్ గేటు కాడ పెట్టిచ్చినవ్, పెన్‌డ్రైవ్ గుంజుకున్నవ్. ఇప్పుడు నీ కండ్ల ముంగట ఉన్నది. ఫోటో తియ్యి భాస్కర్. నాలుగింటికి ఆ పిల్లను కోర్టుల పెడ్తరు.”

“నాకు ఇంక పదకొండు సర్టిఫికెట్లు ఉన్నయక్కా, ఇట్లాంటివే.” ఎన్నేళ్ళకో అక్కా అన్నాడు. “ఇది తప్పని తేలితే అన్నీ తిరగతోడుతరు. నా దగ్గర నలుగురు పని చేస్తున్నరు.”

కోపం రావాల్సింది. రాలేదు. ఒంట్లో ఓపిక లేదు. ఈ భయం నేను ఎంతమంది ముఖాల్లో చూశానో. వేలు ఇంకా యూపీఎస్ వైపే పోతోంది వాడిది.

“సరే. ఒక్కటి చూసి ఆపు. ఇప్పుడు ఈ మిషిన్ల ఎవరెవరి పనులు నడుస్తున్నయో అడుగు.”

తొందరగా వదిలించుకుందామని కొట్టాడు. జాబితా వచ్చింది. కంట్రోల్ ప్రోగ్రామ్, కెమెరాలు, మా లాగిన్. దాని కింద ఇంకో లాగిన్ బయటి నుంచి కలిసి ఉంది. పేరు సాయిచంద్. చివరిసారి మీట నొక్కి రెండు సెకన్లు.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. శిరీష ఫోన్, ల్యాప్‌టాప్ రెండూ నిన్నటి నుంచి పోలీసుల దగ్గరే ఉన్నాయి. ఆ పిల్ల విడుదల కాగితం తెర మీద బతికి ఉంది. కానీ ఆ వేళ్ళు ఇప్పుడు, ఈ నిమిషం ఏం చేస్తున్నాయి?

పక్కనున్న కెమెరా తెర చూశాను. నాలుగో చాంబర్ ముందు పచ్చలైటు. కిషన్‌రావు వీపు లోపలికి పోతోంది. వెనక తలుపు జరుగుతోంది.

“సేటూ! సేటూ!” బయట పాండు అరుస్తున్నాడు. “తలుపు పడ్డది మేడం!”

అది సోమవారం నుంచి తెరవని చాంబర్. లోపలి గాలి రెండు రోజులది.

భాస్కర్ తలుపు తెరిచే ఆజ్ఞ కొట్టాడు. పనిచేయలేదు. మళ్ళీ కొట్టాడు. నేను వంగి నెట్‌వర్క్ వైరు పీకాను. ఆ లాగిన్ తెగిపోయి ఉంటుంది, తాళం మాత్రం ఊడలేదు. లోపలి నుంచి దబదబా తలుపు బాదుతున్న చప్పుడు. అరుణాదేవి పరుగెత్తుకొచ్చి ఇనప తలుపును చేతులతో గుంజుతోంది.

“కంట్రోల్ ప్రోగ్రామ్‌నే మార్చిండు. మన మాట ఇంటలేదు” అన్నాడు భాస్కర్. కుర్చీలోంచి లేచాడు. “గడ్డపార...”

“ఇరవై నిమిషాలు పడ్తది.”

తలుపు బాదే చప్పుడు పలచబడింది.

కరెంటు పోతే తాళాలు వాటంతటవే వదులుతాయి. వెంట్లు స్ప్రింగుల బలంతో తెరుచుకుంటాయి. ఇలాంటి యూనిట్లన్నిటికీ ఆ ఏర్పాటు ఉంటుంది. ఆ కరెంటంతా ఈ యూపీఎస్ నుంచే, మిషనుతో పాటు దాన్ని ఆపితే చాలు. మిషను ఆపితే నాలుగు వందల ఎనభై ఏడు రోజులూ పోతాయి, పాత కెర్నెల్ పోతుంది, ఆ లాగిన్ పోతుంది. మెమరీలో ఉన్న శిరీష నిర్దోషిత్వమంతా పోతుంది. ఐదు నెలలు నిండని పిల్లవాడు సంగమ్మ ఒళ్ళో కనిపించాడు నాకు. దేవుడా, నాకే ఎందుకు ఈ పరీక్ష అని నిజంగా అనుకున్నాను.

యూపీఎస్ బటన్ నొక్కి పట్టుకున్నాను. మూడు సెకన్లు. తెర నల్లబడింది.

ధడేల్మని వెంట్లు తెరుచుకున్నాయి. తాళం వదిలింది. పాండు, భాస్కర్ ముక్కులకు కండువాలు అడ్డం పెట్టుకుని, గాలి కొంచెం తేలగానే లోపలికి దూకి కిషన్‌రావును కాళ్ళు పట్టుకుని బయటికి ఈడ్చారు. ముఖం నీలంగా ఉంది. నేను మోకాళ్ళ మీద కూర్చుని గుండె మీద ఒత్తాను. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. చివరికి దగ్గి, కక్కుకుని, ఊపిరి పీల్చాడు. అరుణాదేవి అతని తల ఒళ్ళో పెట్టుకుంది. నాకు లేవడం చేతకాక అక్కడే గోడకు చేరగిలబడ్డాను.

లేచి చూసేసరికి టైము రెండు యాభై. కంట్రోల్ రూమ్‌లో తెర వెలుగుతోంది.

“ఎవరు ఆన్ చేసిన్రు?”

“నేనే మేడం” అన్నాడు పాండు. “కరెంటు పోతే ఎంబడే మిషిన్ సాలు చెయ్యాలని సేటు చెప్పి పెట్టిండు.”

తెర మీద కొత్త కెర్నెల్ పేరు కనిపిస్తోంది. శిరీష పురిటి మంచం మీద వేసిన ప్యాచ్ ఇప్పుడు పనిలోకి వచ్చింది. వయసు రెండు నిమిషాలు. ఇక ఎవరు వచ్చి చూసినా చిల్లు లేని మిషనే కనిపిస్తుంది. దసరా రీస్టార్ట్ లైను డిస్కులో భద్రంగా ఉంటుంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

భాస్కర్ ఫోన్ మోగింది. స్పీకర్ మీద పెట్టాడు. ఎస్సై కృష్ణయ్య.

“సార్, మూడున్నరకు కోర్టుకు బయల్దేరుతున్నం. మీ రిపోర్టు అదే గద? ఏం మార్పు లేదు గద?”

భాస్కర్ తెర వైపు చూశాడు. తర్వాత నేల మీద పడి ఉన్న కిషన్‌రావు వైపు చూశాడు. ఆ తలుపు తీయొచ్చని చెప్పింది తనే. మాట్లాడి ఒప్పించే శక్తి నాలో లేదు. వాడు ఏ మాట చెబితే ఆ పిల్ల బతుకు అదే.

“మార్పు ఉన్నది” అన్నాడు భాస్కర్. “ఆ అమ్మాయి కాదు. మిషిన్ల చిల్లు ఉండె, ఇంకో మనిషి ఉండె. నా కండ్లతోని చూసిన. నా సర్టిఫికెట్ తప్పు. రాసిస్త. రిమాండ్ ఆపుండ్రి.”

“ఇంకో మనిషంటే ఎవరు సార్?”

“సాయిచంద్ అని. సేటు అన్న కొడుకు. దొంతన్‌పల్లిల...”

“సాయిచందా?” కృష్ణయ్య గొంతు మారింది. “అద్దాలు పెట్టుకుంటడు, సన్నగ ఉంటడు, ఆయనేనా? ఈడనే ఉన్నడు సార్. మేడం అటు పోంగనే వచ్చిండు. శిరీషకు జామీను ఉంట అని వరండాల కూసున్నడు. ల్యాప్‌టాప్ పెట్టుకొని ఏదో పని చేసుకుంటున్నడు.”

నేను ఫోన్ మీద పడ్డాను. “కృష్ణయ్యా, అరవకు. మెల్లగ పో. ఆ ల్యాప్‌టాప్ మూత మాత్రం మూయనియ్యకు. మూస్తే మనకు ఇంక ఏం మిగలదు.”

కుర్చీ జరిగిన చప్పుడు. అడుగులు. ఎవరో ఏదో అన్నారు. తర్వాత ఫోన్‌లో కొత్త గొంతు, చాలా నెమ్మదిగా, అలసిపోయి.

“మూయలే మేడం. తెరిచే పెట్టిన. సోమారందీ, ఇయ్యాల్టిదీ, అంత అండ్లనే ఉన్నది. శిరీష స్టేషన్ల ఉండంగ ఇంకోటి జరిగితే ఆమె కాదని అందరికి తెలుస్తది అనుకున్న. మల్లేశన్న పోతడనుకోలే. ఆ దినం తలుపు ఆయన తీస్తడని నాకేం ఎరుక.” ఊపిరి తీసుకున్నాడు. “మా చిన్నాయన బతికి ఉన్నడా?”

“ఉన్నడు.”

ఫోన్ పెట్టేశాడేమో అనుకున్నాను.

“అయితే ఆయన్నే అడుగుండ్రి. సెప్టెంబర్ల మా బాపుది గుండెపోటు కాదు. కెమెరా రికార్డ్ నా దగ్గర ఉన్నది. బాపు లోపటి నుంచి తలుపు కొడుతుంటె, బయట నిలబడి ఎంతసేపు ఇన్నడో అడుగుండ్రి.”

స్పీకర్ ఆన్‌లోనే ఉంది. షెడ్డులో అందరికీ వినబడింది. కిషన్‌రావు ముఖం తుడుస్తున్న అరుణాదేవి చెయ్యి ఆగిపోయింది. ఆమె అతని తలను ఒళ్ళోంచి తీసి నేల మీద పెట్టి, లేచి నిలబడింది.

“ఎంతసేపు?” అని అడిగింది.

కిషన్‌రావు కళ్ళు మూసుకున్నాడు.